గాలి బాబాయ్

చక్రాల కుర్చీలో ముసలామెను తోసుకుంటూ ఆసుపత్రి ఏటవాలు దారి సగం ఎక్కేసరికి గాలి బాబాయ్ ఛాతీలో మళ్ళీ పిల్లికూతలు మొదలయ్యాయి. మలుపు దగ్గర ఆగి, చక్రానికి పాదం అడ్డం పెట్టి, ఆమె కాళ్ళమీది దుప్పటి సర్దడానికి వంగాడు. దుప్పటి సరిగానే ఉంది.

"ఏం బాబూ, ఆగిపోయావు?"

"మరీ ముందే వెళ్ళి కూచుంటే... మనల్నే డాక్టర్లనుకుంటారమ్మా."

ముసలామె బోసినోటితో పడీపడీ నవ్వింది. ఆ నవ్వు తగ్గేలోగా అతనికి కాస్త ఊపిరి అందింది. మళ్ళీ తోశాడు.

అతను మాటకారి కాదు. పెళ్ళయిన కొత్తలో "మీ నోట్లో నాలుకుందా?" అని భార్య వేళాకోళం చేసేది. ఈ కబుర్లన్నీ జబ్బుతో పాటు వచ్చినవే. నాలుగడుగులు వేసి నిలబడాలంటే ఏదో ఒక వంక కావాలి. ఓ చిన్న మాట విసిరితే ఎదుటివాళ్ళు నవ్వుతున్నంతసేపూ తను గాలి పీల్చుకోవచ్చు. ఊడ్చే ఆమె దగ్గర ఒకటి, మందుల కిటికీ దగ్గర ఒకటి. ఈ మధ్య మనిషి భలే హుషారుగా ఉంటున్నాడని ఆసుపత్రంతా అనుకునేది.

గాలి బాబాయ్ అన్న పేరు మహమ్మారి రోజుల్లో పడింది. లిఫ్టు చెడిపోతే ఆక్సిజన్ సిలిండర్లను కుడిభుజం మీద పెట్టుకుని మేడ మీదికి మోసేవాడు. వరండాలో అతని అడుగుల చప్పుడు వినబడగానే "గాలొచ్చింది, గాలొచ్చింది" అని జనం మీద పడేవారు. ఎవరికి ముందు ఇవ్వాలో చెప్పేవాళ్ళు వేరే ఉండేవారు. ఎవరికి అందలేదో కళ్ళారా చూసింది మాత్రం అతనే. మధ్యలో తనకూ జ్వరం తగిలింది. తగ్గీ తగ్గకుండానే, దగ్గుతూనే, మళ్ళీ భుజం ఒగ్గాడు. తర్వాత ప్రభుత్వం ఆక్సిజన్ ప్లాంటు కట్టించి గోడలనిండా గొట్టాలు వేయించింది. సిలిండర్ల గదికి తాళం పడింది. అతన్ని కుర్చీలు తోసే పనిలో పెట్టారు. ఆ భుజం మాత్రం కిందికి వాలిపోయి, మీద చర్మం చెప్పు అట్టలా గట్టిపడి మిగిలింది.

మధ్యాహ్నం హెడ్ సిస్టరు అతన్ని కట్లు కట్టే గదిలోకి పిలిచి, వేలికి చిన్న మిషను తగిలించింది. అందులో ఏం కనబడిందో చెప్పలేదు. నీలం తిరిగిన అతని గోళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.

"బాబాయ్, మహమ్మారిలో ఊపిరితిత్తులు పాడైన ఆసుపత్రి సిబ్బందికి బతికినన్నాళ్ళూ వైద్యం చేయిస్తామంది ప్రభుత్వం. నువ్వెందుకు నోరు మూసుకుంటావు?"

"అది పర్మినెంటు వాళ్ళకి కదా సిస్టరమ్మా."

"అందుకే అడగమంటున్నా. సాయంత్రం సన్మానంలో స్టేజీ మీద నీకు పతకం వేసి మైకిస్తారు. కాంట్రాక్టు వాళ్ళని కూడా కలపండి అని ఒక్క ముక్క అను. అంతమందిలో కాదనలేరు."

"వీడికి జబ్బుందని తెలిస్తే... రేపట్నించి రావద్దంటారు."

"ఇలాగే ఉంటే రేపటిదాకా..." ఆమె అతని వేలి నుంచి మిషను తీసేసింది.

సాయంత్రం ఆవరణలో సన్మాన సభ జరిగింది. పెట్టెలో దాచుకున్న బట్టలు కట్టుకుని భార్య వచ్చింది. చివరి వరసలో తన పక్క కుర్చీ మీద సంచి పెట్టి, అతని కోసం కాపలా కాసింది. ముందు డాక్టర్లను, తర్వాత నర్సులను పిలిచి, ఆఖర్న అతన్ని పిలిచారు. మెట్లు ఎక్కేముందు అలవాటుగా ఆగాడు. చెప్పడానికి జోకేదీ తట్టలేదు. పళ్ళు బిగబట్టి ఎక్కేశాడు.

సూపరింటెండెంటు పతకం మెళ్ళో వేసి భుజం తట్టాడు. "ఆ రోజుల్లో మనందరికీ ప్రాణం మోసుకొచ్చిన మనిషి! చూడండి, ఇప్పటికీ దుక్కలా ఉన్నాడు!"

చప్పట్లు మోగాయి. మైకు చేతికొచ్చింది. ఎక్కడో చివర భార్య మెడ సాచి, నోరు తెరుచుకుని, చిన్నపిల్లలా చూస్తోంది. ఆమెను చూడగానే భయం పోయింది. పనిపోతే పోనీ, అడిగేద్దాం అనుకున్నాడు. నోరు తెరిచాడు.

మాట రాలేదు. మాటకు కావలసిన గాలి మెట్ల మీదే అయిపోయింది. పెదవులు కదిలాయి, మైకులో గరగరమని ఈల లాంటి చప్పుడు వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆనందంతో నోట మాట రావట్లేదు పాపం!" అంటూ సూపరింటెండెంటు మైకు అందుకున్నాడు. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. వేదిక పక్కన నిలబడ్డ హెడ్ సిస్టరు ఒక్కతే చప్పట్లు కొట్టలేదు.

వరసల మధ్య కుర్చీల వీపులు పట్టుకుంటూ నడిచి, భార్య పక్కన కూలబడ్డాడు.

"ఏడ్చేశారేంటండీ అంతమందిలో?" అంది ఆమె, తన కళ్ళు తుడుచుకుంటూ.

అతను నవ్వాడు. తల ఆమె భుజం మీద ఆనించాడు. ఉపన్యాసాలు సాగుతూనే ఉన్నాయి. కాసేపటికి ఛాతీలో పిల్లికూతలు ఆగిపోయాయి. ఎన్ని నెలలైందో అతను పడుకుని నిద్రపోయి! గోడకు దిండ్లు ఆనించుకుని, కూర్చునే తెల్లవార్చేవాడు. ఇన్నాళ్ళకి నిద్రపట్టిందనుకుంది ఆమె. భుజం తిమ్మిరెక్కినా కదపలేదు. ముందు వరసవాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటుంటే "ఉష్, పడుకున్నారు" అని వేలు చూపించింది.

సభ ముగిసి జనం లేచాక హెడ్ సిస్టరు వెతుక్కుంటూ వచ్చింది. అతని మణికట్టు పట్టుకుంది. పట్టుకుని, వదల్లేక, అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

"లేపకమ్మా" అంది భార్య.

స్ట్రెచరు తెచ్చారు. తీసుకెళ్ళేముందు సిస్టరు అతని చొక్కా జేబులోవి తీసి ఆమె చేతిలో పెట్టింది: ఒక రుమాలు, చివర నలుచదరపు రంధ్రం ఉన్న ఓ ఇనప ముక్క.

"ఇదేం తాళంచెవమ్మా? మా ఇంటిది కాదే."

"సిలిండరు వాల్వు తిప్పేది. గొట్టాలొచ్చాక... దాంతో పనిలేదు."

"ఆఫీసులో ఇచ్చెయ్యాలా?"

"ఎవరూ అడగరమ్మా."

అతని చొక్కా గుండీ ఊడి ఉండడం చూసి, పెట్టడానికి రెండు చేతులూ కావలసి, ఆమె ఆ ఇనప ముక్కని కుర్చీ మీద ఉంచింది. స్ట్రెచరు కదిలింది. ఆమె వెనకాలే వెళ్ళిపోయింది.

పందిరి మనుషులు ముందు వరసల నుంచి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చుకుంటూ వస్తున్నారు. చివరి వరసలో ఆ ఇనప చెవి అలాగే ఉంది, ఒళ్ళంతా తుప్పు పట్టి, బొటనవేలు ఆనేచోట మాత్రం అరిగి నున్నగా.