నేర్పినవారు

పద్నాలుగేళ్ళు ఆపరేషన్లు చేసిన మనిషిని, ఒక్కటీ చేయలేదని నా కళ్ళముందే తేల్చేశారు.

డాక్టర్ మహేశ్వరి మా పాతబస్తీ ప్రసూతి ఆస్పత్రిలో కాంట్రాక్టు డ్యూటీ డాక్టరు. నాకు కత్తి పట్టడం నేర్పింది ఆమే. పర్మనెంటు స్పెషలిస్టు పోస్టుకు, సొంతంగా చేసిన ఆపరేషన్ల సర్టిఫికెట్ కావాలి. వచ్చే నెలతో ఆమెకు వయసు పరిమితి దాటిపోతుంది. ఇదే ఆఖరి అవకాశం.

సూపరింటెండెంటు బాబురావు రిజిస్టరు తిరగేశారు. "మీ పేరెక్కడుందమ్మా? అన్నీ చీఫ్ సర్జన్ పేరు మీదే ఉన్నాయి. లేని అనుభవానికి నేనెలా సంతకం పెట్టను?"

ఎవరు చేసినా చీఫ్ పేరే రాయడం మా ఆస్పత్రి ఆనవాయితీ. పద్నాలుగేళ్ళూ ఆ పేరు రాసింది మహేశ్వరే. నేనూ రాశాను. మర్యాద అనుకున్నాం, సిగ్గులేకుండా.

మధ్యాహ్నం డ్యూటీ గదిలో అందరం చేరాం.

"సమ్మె చేద్దాం మేడం," డాక్టర్ ఫణికుమార్ బల్ల గుద్దాడు.

"చేస్తే సచ్చేదెవలు? చీఫా?" నర్సు హరిప్రియ విరుచుకుపడింది. "బహదూర్‌పురా నుంచి ఆటోల ఒచ్చే గరీబోళ్ళు."

"మరి గిట్లనే ముసలోళ్ళమైదామా?" అన్నాను.

మహేశ్వరి ఫణికుమార్‌ను భుజం పట్టి కూర్చోబెట్టింది. "పని ఆపొద్దు. ఎవలు చేస్తే వాళ్ళ పేరే రాయుండ్రి. నాకైతే ఇగ టైం లేదు. మీకుంది."

నాకు ఏడుపాగలేదు.

మరునాడు తొలి సిజేరియన్ షీటు మీద ఆమె తన పేరు రాసింది. తెల్లారేసరికి మెమో వచ్చింది. రికార్డులు తారుమారు చేసిందట, కాంట్రాక్టు రద్దట. చీఫ్ వార్డులోకే వచ్చి అరిచారు. "ఈ ఆపరేషన్ నాది!"

ఆ సిజేరియన్ అయింది లాడ్ బజార్‌లో గాజులకు రాళ్ళు అతికే షహనాజ్ బీకి. ఆమె కుట్లు పట్టుకుని మంచం మీద లేచి కూర్చుంది.

"ఝూట్ నక్కో బోలో సాబ్. మేరా ఆపరేషన్ ఇనోచ్ కరే. ఆప్‌కు తో మై ఆజ్‌ఇచ్ దేఖ్‌రియుఁ." అబద్ధమాడొద్దంది, ఆపరేషన్ చేసింది మహేశ్వరేనంది, చీఫ్‌ను చూడడం ఇవ్వాళేనంది.

వార్డంతా లొల్లి లేచింది. బాలింతలు, వాళ్ళ తల్లులు, ఆయాలు, మేడంను బయటికి పంపడానికొచ్చిన గార్డులకు అడ్డం నిలబడ్డారు. అయినా మహేశ్వరిని గేటు దాటించారు. ఆమెకు ఆ పోస్టు రాలేదు. ఇక రాదు కూడా. ఆ కోత నాకింకా మానలేదు.

బాబురావు మమ్మల్ని వరసగా నిలబెట్టారు. "ఇంకెవరైనా సొంత పేర్లు రాస్తారా?"

"అందరం రాస్తం సార్," అన్నాడు ఎప్పుడూ నోరెత్తని డాక్టర్ వివేక్. "మమ్మల్నందర్నీ తీసెయ్యుండ్రి. రేపటి కాన్పులు మీరే చెయ్యుండ్రి."

అంతలో లేబర్ రూం నుంచి పిలుపు వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. అక్కడే ఉన్న చీఫ్ కదల్లేదు. నేను చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను. తల్లీబిడ్డా దక్కారు.

బయటికొచ్చి షీటు మీద రాశాను. ఆపరేషన్ చేసినవారు: అలేఖ్య. నేర్పినవారు: మహేశ్వరి.

నేర్పినవారు అనే గడి ఆ కాగితంలో లేదు. గీత గీసి నేనే పెట్టాను. సాయంత్రానికి నాకూ మెమో వచ్చింది. నా తర్వాతి షీటు ఫణికుమార్ రాశాడు. అతనూ ఆ గడి గీశాడు.