హైస్కూలుకి అడ్డంగా ఉన్న ఇల్లు

పొద్దున్నే వాచ్‌మన్ చేసే మొదటి పని మెట్టురాయి జరపడం. తెల్లారేసరికి హైస్కూలు కాస్త వెనక్కి వెళ్ళి ఉంటుంది కాబట్టి నిన్న గుమ్మానికి ఆనించిన రాయి ఇవాళ గుమ్మానికి అంగుళం దూరంలో ఉండేది. దాన్ని గునపంతో నెట్టి మళ్ళీ గుమ్మానికి చేర్చి, చేతులు దులుపుకుని, వెళ్ళి గేటు దగ్గర కూర్చునేవాడు. గేటు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. గ్రౌండుకి అవతల కొసన రెండు స్తంభాలు, ఒక ఇనప తలుపు. ప్రహరీ ఎప్పుడో పడిపోయింది. పిల్లలు ఎటునుంచైనా రావచ్చు, కానీ గేటులోంచే రావాలని వాచ్‌మన్ పట్టు. పాపం, అలాగే వచ్చేవాళ్ళు.

బడి ఎందుకు జరుగుతోందని ఎవరూ అడగలేదు. కొన్ని ఊళ్ళలో నేల కుంగుతుంది, కొన్ని ఊళ్ళలో బావులు ఎండుతాయి, ఇక్కడ హైస్కూలు జరుగుతుంది. ఇంజినీర్లు ఒకసారి వచ్చారు. టేపులు పట్టారు, మేకులు పాతారు, టీ తాగారు, వెళ్ళారు. మేకులు ఇంకా ఉన్నాయి.

వచ్చిన చిక్కల్లా, బడి ఒక్కటే జరిగింది, దాని తాలూకు సరంజామా జరగలేదు. కుళాయిలు, సైకిల్ షెడ్డు, మరుగుదొడ్లు అన్నీ పాత చోటే ఉండిపోయాయి. ప్లంబరు ఏటా వచ్చి పైపుకి ఒక ముక్క అతికేవాడు. తర్వాత అతను కూడా రావడం మానేశాడు. ఆడపిల్లలు దొడ్డికి వెళ్ళాలంటే గ్రౌండంతా అందరి కళ్ళ ముందూ నడిచి వెళ్ళి రావాలి. అందుకని పొద్దుటినుంచీ నీళ్ళు తాగడం మానేసేవాళ్ళు. కాస్త పెద్దయ్యాక బడే మానేసేవాళ్ళు.

బడి వెనక వీధిలో చివరి ఇల్లు బుజ్జక్కది. బుజ్జక్క అంటే అందరికీ అక్కే, వయసులో పెద్దవాళ్ళకి కూడా. చొక్కాలకి కాజాలు కుట్టి గుండీలు పెట్టే పని చేస్తుంది. ఆమె చదువుకునే రోజుల్లో బడి చాలా దూరంగా ఉండేది. పరిగెత్తితే ఆయాసం వచ్చేంత దూరం. తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చి ఎడమ పక్కంతా పడిపోయింది. తండ్రి అంతకుముందే లేడు. తమ్ముడు చిన్నవాడు. అమ్మకి వారం రోజుల్లో తగ్గుతుందని మానిన బడికి బుజ్జక్క మళ్ళీ వెళ్ళలేదు. తమ్ముడు చదువుకున్నాడు, వేరే ఊళ్ళో పనిలో కుదిరాడు, పెళ్ళి చేసుకున్నాడు. అమ్మ మంచం మీదే ఉంది. బుజ్జక్క మంచం పక్కనే ఉంది.

ఇప్పుడు వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా బడి గోడే. చెయ్యి చాపితే తగులుతుంది. వంటింట్లోకి వెలుతురు రావడం మానేసి చాలా కాలమైంది. పగలు కూడా దీపం పెట్టుకుని అన్నం వండుతుంది. గోడ అవతల పాఠాలు వినిపిస్తూ ఉంటాయి. ఆమె వాటిని పెద్దగా పట్టించుకోలేదు. వర్షం చప్పుడు ఎలాగో అవీ అంతే.

బడి దారిలో అడ్డమొచ్చినవాటిని కూల్చదు. కలుపుకుంటుంది. మంగలి కొట్టు అలాగే కలిసిపోయింది. ఒకరోజు పొద్దున మంగలి వచ్చి చూస్తే కొట్టు లేదు. అతని నిలువుటద్దం స్టాఫ్ రూమ్ గోడకి ఉంది. అప్పటినుంచీ సార్లు దాంట్లో చూసుకుని తల దువ్వుకుంటున్నారు. మంగలి కొన్నాళ్ళు స్టాఫ్ రూమ్ మూలన కుర్చీ వేసుకుని చూశాడు కానీ, గంట కొట్టినప్పుడల్లా కత్తి అదురుతోందని ఊరొదిలి వెళ్ళిపోయాడు. వెనక వీధివాళ్ళు కూడా ఒక్కొక్కరే సామాన్లు సర్దుకున్నారు.

బుజ్జక్క కూడా ఇల్లు వెతికింది. ఎక్కడికి వెళ్ళినా గదులు చూపించేవాళ్ళు, నవ్వుతూ మాట్లాడేవాళ్ళు. మంచంలో మనిషి ఉందని తెలియగానే "మా వాళ్ళని అడిగి చెప్తానమ్మా" అనేవాళ్ళు. ఆ వాళ్ళెవరో ఎప్పటికీ దొరికేవాళ్ళు కాదు.

తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మని ఏదైనా ఆశ్రమంలో పెడదాం. నువ్వు మా దగ్గరికి వచ్చెయ్."

"అమ్మని అడుగు" అని బుజ్జక్క ఫోన్ తల్లి చెవికి పెట్టింది.

తల్లి ఒక పక్క నోటితోనే మాట్లాడుతుంది, కానీ మాటలకేమీ తక్కువ లేదు. "నాయనా, నన్ను పెట్టడానికి చోట్లు వెతుకుతున్నావా? నేను అంత స్థలం పట్టనురా. మంచమంతే" అంది.

తమ్ముడు పిల్లల పరీక్షల సంగతి చెప్పి పెట్టేశాడు.

ఆ ఏడు బడి మూసేశారు. పిల్లలు బాగా తగ్గిపోయారని, ఉన్నవాళ్ళని పక్క ఊరి స్కూల్లో కలపమని ఉత్తర్వు వచ్చింది. పెద్ద మేడం పిల్లలందర్నీ వరండాలో నిలబెట్టి ఏదో చెప్పబోయి, "బస్సులో కిటికీలోంచి చేతులు బయట పెట్టకండి" అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. టీచర్లకి తలో చోట పోస్టింగులు వచ్చాయి. ఒక్క లెక్కల సారుకి మాత్రం రాలేదు. ఎక్కడో కాగితం ఆగిపోయింది. అది వచ్చేదాకా ఆయన రోజూ వచ్చి బడి తాళం తీసి, కూర్చుని, సాయంత్రం తాళం వేసి వెళ్ళాలి.

పిల్లలు లేక బడి తేలికైపోయింది. అంగుళం జరిగేది మూరెడు జరగసాగింది.

ఒక మధ్యాహ్నం బుజ్జక్క తల్లికి తల దువ్వుతోంది. జడ అల్లడం సగంలో ఉండగా బడి లోపలికి వచ్చింది. చప్పుడేమీ కాలేదు. వంటింటి గోడ పల్చబడి, దాని వెనకున్న బడి గోడ ముందుకొచ్చి, చూస్తుండగానే గట్టుతో సహా పొయ్యి నల్లబల్ల కిందికి చేరింది. మసి పట్టిన అటక నల్లబల్లకి పైన అలాగే ఉంది. తల్లి మంచం చివరి బెంచీ వెనక ఉంది. వీధి తలుపు ఎటుపోయిందో కనపడలేదు. గదికి ఇంక ఒకటే గుమ్మం, బడి వరండాలోకి.

తల్లి తల తిప్పి చుట్టూ చూసింది. పైకి చూసింది.

"ఫ్యానుందే" అంది.

"కరెంటు కోసేశారమ్మా."

"మనకేది పూర్తిగా వచ్చింది కనుక" అని, "జడ కానివ్వు, మెడ నొప్పెడుతోంది" అంది.

మర్నాడు లెక్కల సారు తాళం తీసి వరండా వెంట నడుస్తూ చివరి గది ముందు ఆగిపోయాడు. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. బెంచీల మీద చొక్కాలు మడతపెట్టి ఉన్నాయి. ఆయన చెప్పులు విడిచి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చా?" అన్నాడు.

బుజ్జక్క గభాల్న లేచి నిలబడింది. ఆ గుమ్మంలో ఆ ప్రశ్న అడగాల్సింది ఆయన కాదు.

"రండి సారూ" అంది మంచం మీంచి తల్లే. "మేం రాలేదు. మీరే వచ్చారు."

తర్వాత రెండ్రోజులకి పెద్ద మేడం వచ్చింది. పైనుంచి సీలు వేయమన్నారట. మంచం చూసింది, మంచం కిందున్న పళ్ళెం చూసింది. మసిగుడ్డతో గిన్నె దించుతున్న బుజ్జక్కని చూసింది.

"ఖాళీ చేయాలమ్మా" అంది.

"గుమ్మం ఇటే ఉంది మేడం. మేం వెళ్ళడానికి చోటేది?"

పెద్ద మేడం చేతిలో లక్క ముక్కని అటూ ఇటూ తిప్పింది. "మనుషుల్ని లోపల పెట్టి సీలు ఎలా వేస్తానండీ?" అంది లెక్కల సారుతో, ఆయనేదో వేయమన్నట్టు. తర్వాత, "నేను ఈ గది దాకా రాలేదు" అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరూ రాలేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌ని కూడా తీసేశారు. మెట్టురాయి గ్రౌండులో ఎక్కడో ఉండిపోయింది.

లెక్కల సారు భార్య పోయాక అద్దె గదిలో ఒక్కడే ఉంటున్నాడు. పదవీ విరమణ దగ్గరపడింది. ఇన్నేళ్ళు తాను చెప్పిన లెక్కలు ఎవరికైనా అక్కరకొచ్చాయా అంటే ఆయనకి గట్టి నమ్మకం లేదు. స్టాఫ్ రూమ్‌లో అద్దం ముందు కూర్చుంటే రోజంతా తన ముఖమే చూసుకోవాల్సి వస్తోందని, కుర్చీ తెచ్చుకుని చివరి గది వరండాలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

బుజ్జక్క కాజాలు కుడుతుంటే ఒకరోజు అడిగాడు. "నువ్విక్కడే చదివావు కదూ?"

"తొమ్మిది దాకా. లెక్కలు రావు సారూ నాకు."

"నాకూ చెప్పడం రాదు. ఇద్దరికిద్దరం సరిపోయాం" అని లేచి వెళ్ళి బల్ల మీద ఒక భిన్నం వేశాడు.

అలా మొదలైంది. దానివల్ల ఏదో అవుతుందని ఇద్దరూ అనుకోలేదు. ఆమె ఏ పరీక్షా రాయబోవడం లేదు, ఆయనకి పాఠం చెప్పినందుకు ఒరిగేదేమీ లేదు. కుట్టాల్సిన చొక్కాలు ఒళ్ళో పెట్టుకుని ఆమె వినేది. తప్పు చెప్తే ఆయన విసుక్కునేవాడు కాదు. పిల్లలతో ఎప్పుడూ విసుక్కునేవాడినని, ఎందుకో ఇప్పుడు ఓపిక వచ్చిందని, వచ్చి ఏం లాభమని అన్నాడు ఒకసారి.

మంచం మీంచి తల్లి కేకేసేది. "గొంతు పెంచండి సారూ, వెనక బెంచీకి వినపడట్లా."

దాంతో ఆయనకి అలవాటైపోయింది. బల్ల మీద ఒక మెట్టు వేయగానే వెనక్కి తిరక్కుండానే అడిగేవాడు, వెనక వినపడుతోందా అని. "ఆఁ, ఆఁ, కానివ్వండి" అనేది తల్లి. ఆవిడకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ ఇంటికి రోజూ ఒక మనిషి వచ్చి మాట్లాడిపోవడం ఇన్నేళ్ళలో అదే మొదలు.

బడి వెనక వీధి దాటేసింది. వీధిలో మిగిలిన ఖాళీ ఇళ్ళన్నీ కలుపుకుంది. ఎవరివో తలుపులు, ఒక ఉయ్యాల కొక్కెం, ఎవరో పెన్సిలుతో పిల్లల ఎత్తులు గీసిన ఒక గోడ, అన్నీ బడి గదుల్లో తలో చోట తేలాయి.

వానలు మొదలయ్యే ముందు, ఒక పూట సారు వడ్డీ లెక్క చెప్తున్నాడు. బల్ల నిండా రాసి, "వెనక వినపడుతోందా?" అన్నాడు.

జవాబు రాలేదు. ఆయన చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, వెనక్కి తిరగలేదు. బుజ్జక్క ఒళ్ళో చొక్కా పక్కన పెట్టి లేచింది.

తమ్ముడు వచ్చాడు. జరగాల్సినవన్నీ జరిగాయి. వెళ్ళేరోజు "పద అక్కా" అన్నాడు. వాళ్ళావిడ సంచీ జిప్పు వేస్తూ తల ఎత్తలేదు. బుజ్జక్క ఆ జిప్పు వైపు చూసి, "చొక్కాలు ఇవ్వాల్సినవి ఉన్నాయిరా. ఇచ్చేసి వస్తాను" అంది. తమ్ముడు సరేనన్నాడు. ఇద్దరికీ తెలుసు.

ఆ నెలలోనే లెక్కల సారు కాగితం కదిలింది. ఎక్కడో దూరపు ఊరు. ఆయన తాళాల గుత్తి తెచ్చి నల్లబల్ల కింద గట్టు మీద పెట్టాడు.

"ఎవరికి అప్పజెప్పాలో తెలీడం లేదు. అడిగితే ఇలాంటి బడి జాబితాలో లేదంటున్నారు."

"ఉండనివ్వండి సారూ."

"ఎలా ఉంటావు?"

"ఉన్నట్టే."

ఆయన బల్ల వైపు తిరిగాడు. బల్ల మీద తల్లి పోయిన రోజు వేసిన వడ్డీ లెక్క సగంలోనే ఉంది. దాన్ని పూర్తి చేయాలా తుడిచేయాలా తెలియక రెండూ చేయకుండా వెళ్ళిపోయాడు.

తర్వాత రోజులు ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేకుండా గడిచాయి. కుట్టుపని ఇచ్చే కొట్టు ఇప్పుడు బాగా దూరమైంది. ఊరు వెనకబడిపోయింది. వాన పడుతుంటే బుజ్జక్క కిటికీ దగ్గర కూర్చుని, నలభై ఏళ్ళు దాటినా ఊరి పొలిమేర దాటని తాను ఇలా కూర్చున్నచోటే కూర్చుని దాటేసింది కదా అనుకుంది. దాటి ఎక్కడికి వచ్చిందో చూడటానికి కూడా మనసు రాలేదు. అమ్మ మంచం మీద పడుకుని, కప్పు వైపు చూస్తూ, తినకుండా ఉన్న పూటలు ఉన్నాయి.

వానలు వెలిశాక ఒక పొద్దున కిటికీలోంచి పొగ వచ్చింది. చూస్తే ఇటుక బట్టీలు. రేకుల పాకలు, బురద గుంటలు, ఇటుకలు మోసుకుపోతున్న ఆడవాళ్ళు. ఒకామె తట్ట దించి, బడి చుట్టూ తిరిగి గుమ్మం వెతుక్కుంటూ వచ్చింది. పక్కన చిన్న పిల్ల, ముక్కు కారుతోంది.

"ఈ పిల్లని కూర్చోబెట్టుకోమ్మా. పొగకి దగ్గు పట్టి వదలట్లేదు. ఇక్కడైతే గోడలున్నాయి."

"నేను టీచర్ని కాను" అంది బుజ్జక్క.

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

 అడిగినామె జవాబు కోసం ఆగలేదు. కూలి పోతుందని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

పిల్ల బెంచీ మీదికి ఎక్కలేక బెంచీ పట్టుకుని నిలబడింది. బుజ్జక్క ఎత్తి కూర్చోబెట్టింది. ముక్కు తుడిచింది.  ఏం చేయాలో తెలియక బుజ్జక్క బల్ల తుడిచి, పెద్ద అక్షరం ఒకటి రాసి, దాని పేరు చెప్పింది. పిల్ల దగ్గి, తిరిగి చెప్పింది. ఇంకోటి రాసింది.

మధ్యలో పిల్ల నిద్రపోయినప్పుడు బుజ్జక్క కిటికీలోంచి బట్టీల బారు చూసింది. బారు పొడవెంతో, బడి రోజుకి ఎంత జరుగుతోందో మనసులో వేసుకుని భాగించింది. రెండోసారి వేసినా అదే వచ్చింది. చలికాలం పోకముందే బడి బట్టీలు దాటేస్తుంది. అప్పటికి ఈ పిల్లకి అక్షరాలైతే వస్తాయి. చదవడం రాదు. తర్వాత ఆ పిల్ల ఇటుకలు మోస్తుంది, బడి ఇంకెటో పోతుంది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

సాయంత్రం పిల్ల తల్లి వచ్చి కూతుర్ని చంకనెత్తుకుంది. పిల్ల నిద్రకళ్ళతో వెనక్కి చూసింది. బుజ్జక్క గుమ్మం దాకా వచ్చింది.

"రేపు కాస్త పెందలాడే తీసుకురా" అంది.