వీపు మీది పొది

మా వదిన ఓడిల్‌కి ఆవుల మీద ఉన్న ప్రేమలో సగం మా అన్నయ్య మీద ఉన్నా ఆయన బాగుపడేవాడని ఊళ్ళో అంటుంటారు. నేనూ అంటుంటాను. అందుకే తన ఆవు మెడకి పరుగులో గెలిచిన గంట కావాలని ఆవిడ అడిగినప్పుడు నాకు నవ్వు రాలేదు.

మా లోయలో ఏటా ఎండాకాలం చివర మూడు కనుమల పరుగు పెడతారు. ఇద్దరిద్దరు జంటగా బయల్దేరాలి, జంటగానే ముగించాలి. ముగించిన ప్రతి జంటకీ ఆవు మెడలో కట్టే ఇత్తడి గంట ఒకటి ఇస్తారు. ఆకులు రాలే రోజుల్లో మందలు కొండ దిగేటప్పుడు ఎవరి ఆవు మెడలో ఆ గంట మోగుతుందా అని ఊరంతా గుమ్మాల్లో నిలబడి వింటుంది. వదిన మందకి ముందు నడిచేది మార్కీజ్ అనే ఆవు. దాని మెడలో కొన్న గంటే తప్ప గెలిచిన గంట లేదు. పాపం అది సిగ్గుతో తలొంచుకుని దిగుతుందంటుంది వదిన. ఆవు తలొంచేది గడ్డి కోసం, కానీ ఆ మాట ఆవిడతో ఎవరనగలరు?

వదినా నేనూ జంటగా రెండేళ్ళు వరసగా ప్రయత్నించాం. రెండో కనుమ మీది గుడిసె దగ్గర మధ్యాహ్నం రెండింటికి దారికి అడ్డంగా తాడు కడతారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు వెనక్కి పోవాల్సిందే. మొదటి ఏడు వెళ్ళేసరికి తాడు కట్టి ఉంది. రెండో ఏడు తాడు కట్టే మనిషి ఇంకా ముడి వేస్తున్నాడు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

తప్పు మా కాళ్ళది కాదు, కర్రలది. ఎక్కేటప్పుడు చేతికర్రలు లేకపోతే మా వయసు వాళ్ళకి తొడలు లేవవు. దిగేటప్పుడు అవే అడ్డం. దిగుడు వచ్చినప్పుడల్లా ఆగడం, వీపు సంచి విప్పడం, కర్రలు మడిచి కట్టడం, మళ్ళీ సంచి తగిలించుకోవడం. ఈలోగా మా వెనకాల ఉన్నవాళ్ళంతా ముందుకి పోయేవాళ్ళు. పోనీ ఎవరికైనా ఇచ్చేద్దామంటే కుదరదు. ఎవరి కర్రలు వాళ్ళే చివరిదాకా మొయ్యాలి, గమ్యం దగ్గర చూపించాలి. అందుకని ఈ ఏడు పరిగెడుతూనే కర్రలు పెట్టుకోవడానికి, తీసుకోవడానికి పనికొచ్చే పొది కొనాలనుకున్నాం.

అంతకుముందు చలికాలంలో వదిన కొట్టం మెట్టు మీద మంచుకి జారి కుడిభుజం మీద పడింది. కొన్నాళ్ళు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగింది. వసంతం వచ్చేసరికి పాలు పితకడం, బిందెలు మొయ్యడం అన్నీ మామూలే. నడుం దాకా ఉన్న జుట్టు మాత్రం కత్తిరించేసుకుంది. ఈ వయసులో ఈ సోకేమిటని ఏడిపించాను. వెనక కట్టుకునే ఆప్రాన్ ముడి కూడా ముందుకి వచ్చింది. చూశాను గానీ పట్టించుకోలేదు.

గాస్పార్ కొట్లో మూడు రకాలు చూపించాడు. నడుం పట్టీకి తగిలించేది ఒకటి, ఛాతీ మీద ఉచ్చుల్లో దూర్చేది ఒకటి, అచ్చం అమ్ములపొదిలా వీపు మీద ఏటవాలుగా ఉండేది ఇంకొకటి. మా దగ్గర ఇలాంటివి కొనేముందు కొట్టు వెనక మెట్ల మీద పైకీ కిందికీ పరిగెత్తి చూస్తారు. టకటకమని చప్పుడు చేస్తే పెట్టేసి రావడమే. ఛాతీ మీదిది పెట్టుకుంటే నా పాదం నాకు కనబడలేదు. నడుం పట్టీ దిగేటప్పుడు వెనక కొట్టుకుంది, కాకపోతే బిగిస్తే ఆగేదే. వీపు పొది మాత్రం కదల్లేదు, చప్పుడు లేదు. చెయ్యి భుజం మీదుగా వెళ్తే కర్ర పిడి వేళ్ళకి తగిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

వదిన నడుం పట్టీని చాలాసేపు చేతిలో తిప్పుతూ నిలబడింది. అది ముసలమ్మల కోసమని తీసి పక్కన పెట్టేశాను. మెట్లెక్కి చూడమంటే, మనిద్దరిదీ ఒకటే కొలత, నువ్వు చూశావుగా చాలంది. వీపు పొదులు రెండు, ఒకే రంగువి కట్టించాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

"ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా," అంది వదిన గాస్పార్‌తో. గాస్పార్ నవ్వాడు, నేనూ నవ్వాను.

సాధన చేసినన్నాళ్ళూ ఆవిడ పొది తగిలించుకుంది గానీ కర్రలు చేతిలోనే ఉంచుకుంది. అసలు రోజున వాడతాలే అనేది. వాడకుండా అలవాటెలా అవుతుందని నేను సణిగేదాన్ని.

అసలు రోజు రానే వచ్చింది. మొదటి కనుమ హాయిగా ఎక్కాం. అవతలి దిగుడులో ఒకచోట బండ నిలువుగా ఉంటుంది, పట్టుకోవడానికి ఇనుప తాడు బిగించి ఉంటుంది. అక్కడ కాపలా ఉన్నవాళ్ళు రెండు చేతులూ ఖాళీగా ఉంటే తప్ప దిగనివ్వరు. నేను పరిగెడుతూనే కర్రలు మడిచి భుజం మీదుగా పొదిలోకి దూర్చి తాడు అందుకున్నాను. వెనక్కి చూస్తే వదిన పక్కకి తప్పుకుని, వచ్చినవాళ్ళందరికీ దారిస్తోంది.

వెనక్కి ఎక్కి వెళ్ళాను. మడిచిన కర్రలు ఎడంచేత్తో పట్టుకుని ఉంది. కుడిచెయ్యి చెవి దాకా లేచి అక్కడే ఆగిపోయింది. ఎడంచెయ్యి ఆ భుజం వెనక్కి అందదు. కత్తిరించిన జుట్టు, ముందుకొచ్చిన ముడి, నడుం పట్టీ అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నా మీద నాకే ఒళ్ళు మండింది, కానీ కోపం వేరే దారిన బయటికొచ్చింది.

"చెయ్యి లేవదని చెప్పడానికి నోరు కూడా లేవదా వదినా?"

ఆవిడ లోయలోకి చూస్తూ అంది. "చెబితే నన్ను ఇంట్లో కూర్చోబెట్టి ఆ పోస్టాఫీసు పిల్ల కొరలీని జత తెచ్చుకుంటావు. నువ్వసలే తాడు కట్టకముందు చేరాలనే దానివి."

చలికాలంలో కొరలీ గురించి ఒకసారి అనుకున్న మాట నిజమే. కర్రలు ఇలా ఇమ్మన్నాను. ఇవ్వలేదు. అడుగడుక్కీ ఒకరు సాయం చెయ్యాల్సిన మనిషిగా గంట తెచ్చుకోనంది. మొండిదానికి మొండిది దొరికింది.

నేను పొదిలోంచి నా కర్రలు తీసి ఆవిడ ముందు పెట్టాను.

"అయితే ఇవి నువ్వు పెట్టు. ఇవాళ నా పొది మీద నేను చెయ్యి వెయ్యను. నాది నువ్వు, నీది నేను."

"నీ చేతికేమైంది?"

"ఏమీ కాలేదు. పెడతావా, ఇక్కడే చీజ్ కోసుకు తిందామా?"

ఆవిడ వెనక్కి తిరగమని గడ్డంతో సైగ చేసింది. ముందుకి చాచడానికి ఆ చెయ్యి బాగానే ఉంది. కర్రలు ఒక్క పోటున లోపలికి దిగాయి. నా చేత్తో నేను ఎప్పుడూ అంత త్వరగా పెట్టలేదు. ఆవిడవి నేను పెట్టాను.

ఇక అక్కణ్ణించి అదే పని. ఎక్కుడు రాగానే ముందున్న మనిషి వీపులోంచి వెనకున్న మనిషి కర్రలు లాగి అందించడం, నాలుగడుగులు పోయాక చోటు మార్చుకోవడం. ఆగింది లేదు. రెండో కనుమ దగ్గర ఆ తాడు మనిషి గుడిసె గుమ్మంలో తాడు చుట్ట చేత్తో పట్టుకుని ఉన్నాడు. వదిన ఆయన పక్కనుంచి పోతూ, ముడి జాగ్రత్తగా వెయ్యి నాయనా, వెనక వాళ్ళు చూస్తారు అంది.

గమ్యం చేరేసరికి ఎండ వాలింది. అన్నయ్య అక్కడ నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు. కర్రలు చూపించమన్నారు. నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఎంతకీ ఎవరూ తియ్యరే! తల తిప్పి చూస్తే వదిన కూడా నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. జనం పకపకా నవ్వారు. మేమిద్దరం ఏడ్చాం.

మందలు దిగే రోజు పొద్దున్నే వాళ్ళ కొట్టానికి వెళ్ళాను. వదిన మార్కీజ్ పక్కన గంట పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఆవు వీపు ఎత్తు, గంట పట్టీ బకిల్ మెడ మీద పైనుంటుంది. అన్నయ్య అక్కడే ఉన్నాడు, అడిగితే చాలు. వదిన ఆయన్ని అడగలేదు. నన్ను చూసి పట్టీ నా చేతిలో పెట్టింది.

"రావే, నాకందదు," అంది.