తలుపుల్లోంచి వచ్చిన గొంతు

కళ్ళద్దాల షాపులో పనిచేసే అల్లుడికీ, బ్యూటీ పార్లర్ నడిపే అత్తగారికీ మధ్య పెళ్ళయినప్పటి నుంచి నడిచిన మాటలన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు నిండదు. "బాగున్నారా అత్తయ్యగారూ?" "బాగున్నాను బాబూ." అక్కడితో సరి. మిగతా మాటలన్నీ మధ్యలో కూతురు మోసేది. అల్లుడు పక్కనే కూర్చుని ఉన్నా సరే, "మీ ఆయన్ని ఇంకాస్త వడ్డించుకోమనవే" అనేది అత్తగారు. అల్లుడూ తక్కువ తినలేదు. ఆవిడ ఎదురుగా ఉండగానే "మీ అమ్మగారిని ఫ్యాను కింద కూర్చోమను" అనేవాడు. పగా లేదు, కోపమూ లేదు. ఆవిడకు అల్లుడంటే మొహమాటం, అతనికి అత్తగారంటే హడలు. పార్లర్లో ఆవిడ కత్తెర కంటే నాలుకే ఎక్కువ ఆడుతుందని అందరూ చెప్పుకునేవారు. ఇంట్లో అల్లుడి చెప్పుల చప్పుడైతే చాలు, ఆ నాలుకకు తాళం పడిపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ భోజనాలు ముగించి, చెరో మూల కూర్చుని చెరో గోడ చూస్తుండగా ఫోన్ మోగింది. చేసింది కూతురే. ఆమె ఒక చిన్న రేడియో స్టేషన్లో పాటల రికార్డులు సర్దిపెట్టే ఉద్యోగం చేస్తోంది.

"అమ్మా! సాయంత్రం ప్రోగ్రాం చేసే ఆవిడకి గొంతు పోయిందట. నన్ను కూర్చోమన్నారు! మైకు ముందు! నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదమ్మా!"

"కాళ్ళూ చేతులతో నీకేం పనే? నోరాడితే చాలు!" అని అరిచి, అత్తగారు ఫోన్ పెట్టేసి గదంతా రెండు చుట్లు తిరిగింది. అప్పుడు గుర్తొచ్చింది అసలు సంగతి. ఇంట్లో రేడియో లేదు. ఆ స్టేషన్ ఫోన్లలో రాదు. ఉన్నదల్లా కింద నిలబెట్టిన, రేడియో ఉన్న పాత కారు. దాని తలుపుల్లోని స్పీకర్లు ఏనాడో చిరిగిపోయాయి. వాటిలో ఎవరు మాట్లాడినా పడిశం పట్టి, ముక్కు మూసుకుని, రేకు డబ్బాలో తల పెట్టి మాట్లాడినట్టుండేది.

కొత్త స్పీకర్లు లేక కాదు. అల్లుడి పుట్టినరోజుకు కూతురే కొనిచ్చింది. ఆ పెట్టె అలమారా మీద దుమ్ము తింటోంది. ఎప్పుడడిగినా అతను "వచ్చే ఆదివారం బిగిస్తాను" అనేవాడు. అత్తగారు స్టూలెక్కి, ఆ పెట్టె దించి, కొంగుతో దుమ్ము దులిపి, తెచ్చి అల్లుడి ఒళ్ళో పెట్టింది.

"బాబూ, వచ్చే ఆదివారం వచ్చేసింది."

అతను పెట్టె పట్టుకుని లేచాడు.

కింద కారు దగ్గరికి వెళ్ళాక అల్లుడు ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. తర్వాత జేబులోంచి తన స్క్రూడ్రైవర్ తీశాడు. అది కళ్ళజోళ్ళకు వాడేది, అగ్గిపుల్లంత ఉంది. అత్తగారు దాన్ని ఎగాదిగా చూసింది. "దీంతో చెవిలో గులిమి తీసుకోవచ్చు. తలుపు తియ్యడానికి పనికొస్తుందా?" అనుకోకుండా పార్లర్ గొంతు బయటికొచ్చేసింది. అల్లుడికి నవ్వాలో తలొంచుకోవాలో తెలియలేదు.

పెద్ద స్క్రూడ్రైవర్ కోసం ఎదురింటి తలుపు కొట్టారు. అక్కడ రిటైరైన టికెట్ కలెక్టర్ ఉంటారు. ఆయన పనిముట్ల పెట్టెతోపాటు కుర్చీ కూడా తెచ్చుకుని, కారు పక్కన వేసుకుని స్థిరపడ్డారు. "అడగండి, సలహాలకు కొదవ లేదు" అన్నారు.

తలుపు లోపలి అట్ట ఊడాలంటే ముందు కిటికీ అద్దాన్ని ఎత్తీ దించే పిడి రావాలి. దాని వెనక, దాన్ని పట్టి ఉంచే చిన్న వంపు తీగ ఒకటి ఇరుక్కుని ఉంది. అల్లుడి వేళ్ళకు అది అందలేదు. అత్తగారు జడలోంచి ఒక పిన్ను లాగి, కొస వంచి, లోపలికి దూర్చి ఒక్క కుదుపు కుదిపింది. టింగుమని ఎగిరి వెళ్ళి ఆ తీగ కలెక్టర్ గారి నుదుటికి తగిలింది.

"నాకు తగిలింది!" అన్నారాయన, లాటరీ తగిలినంత సంబరంగా.

తర్వాత అట్ట పట్టుకుని ఇద్దరూ చెరో వైపు లాగారు. లోపలి ప్లాస్టిక్ మేకులు పటపటమంటూ విడిపోయి, అట్ట ఒక్కసారిగా ఊడొచ్చింది. అత్తా అల్లుడూ అట్టతో సహా వెనక్కి చతికిలబడ్డారు. కలెక్టర్ గారు చప్పట్లు కొట్టారు.

పాత స్పీకరు తీసి కొత్తది పెట్టి చూశాక అసలు చిక్కు బయటపడింది. కొత్తదాని వెనక అయస్కాంతం లావుగా ఉంది. కిటికీ అద్దం కిందికి దిగితే నేరుగా దానికే గుద్దుకుంటుంది. స్పీకరు కాస్త ముందుకు రావాలంటే తలుపుకూ దానికీ మధ్యలో ఉంగరంలాంటి దళసరి చుట్టు ఒకటి ఉండాలి. ఆదివారం షాపులన్నీ మూసేసి ఉన్నాయి. అల్లుడు తల పట్టుకున్నాడు. అత్తగారు గబగబా మెట్లెక్కి, వంటింట్లో కూరలు తరిగే ప్లాస్టిక్ పలక పట్టుకుని అంతే గబగబా దిగింది.

"మరి కూరలు?" అన్నాడు అల్లుడు.

"నా కూతురు రేడియోలో మాట్లాడుతుంటే కూరలెవడిక్కావాలి! కొయ్యి."

అతను పలక మీద పెన్సిల్‌తో సున్నా గీసి, కలెక్టర్ గారి సన్న రంపంతో కోయడం మొదలుపెట్టాడు. రోజూ అద్దాలను ఫ్రేముల్లో కూర్చే చెయ్యి అది. ఎక్కడా వణకలేదు, గీత దాటలేదు. మొదటి చుట్టు తీసి తలుపుకు ఆనిస్తే అతికినట్టు కుదిరింది.

"అబ్బ! ఏం కోశావురా!" అంది అత్తగారు.

అన్నాక నాలిక కరుచుకుంది. అల్లుడు రంపం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కలెక్టర్ గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"ఏమన్నారు?" అన్నాడు అల్లుడు.

"ఏమన్నాను? ఏమీ అన్లేదు. నోరు జారింది బాబూ."

"జారనివ్వండి అత్తయ్యా" అన్నాడతను. "గారు" ఎక్కడ పడిపోయిందో అతనికీ తెలియలేదు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆవిడ ముక్కులోంచి చిన్న నవ్వు తప్పించుకుంది. తర్వాత అతనికి. ఇక ఆగలేదు. ఆవిడ కారు మీద వాలిపోయి నవ్వింది. అతను నేల మీద కూర్చుని, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నారో ఇద్దరిలో ఎవరినడిగినా చెప్పలేకపోయేవారు.

ఎండ గోడ మీదికి ఎక్కుతున్నకొద్దీ కంగారు పెరిగింది. పని పంచుకున్నారు. డ్రైవర్ వైపు తలుపు అల్లుడిది, రెండో వైపు అత్తగారిది. "రెండే తీగలు కదా, నేను జడలు అల్లేదాన్ని, ఇదో లెక్కా?" అందావిడ. చివరికి బ్యాటరీ తగిలించి రేడియో పెడితే, అది పాత స్టేషన్లన్నీ మర్చిపోయి బుస్సుమంది. అల్లుడు మీట తిప్పాడు. ఎవరో కుక్కర్లు అమ్ముతున్నారు. ఇంకాస్త తిప్పాడు. గరగర. అత్తగారు సీట్లో కూర్చుని పిడికిళ్ళు బిగించింది. ఇంకాస్త తిప్పాడు.

"...అందరికీ శుభ సాయంత్రం..."

"అదే! అదే! మా అమ్మాయే!"

కానీ ఆ గొంతులో పస లేదు. ఎటు నుంచి వస్తోందో తెలియకుండా, నీళ్ళలో నానబెట్టిన కాగితంలా పల్చగా ఉంది. అత్తగారి మొహం వాడిపోయింది. "ఇదేమిట్రా, దాని గొంతు ఇలా అయిపోయింది?"

అల్లుడు తల రెండు వైపులా తిప్పి విన్నాడు. "దాని గొంతు బానే ఉంది. ఒక స్పీకరు ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఎక్కడో తీగలు అటుదిటు అయ్యాయి."

"నీ వైపే అయ్యుంటాయి."

"కాదు, మీ వైపు."

"నేను చూసే పెట్టాను!"

"చూసే పెట్టారు, ఎర్రది నల్లదాని చోట!"

ఆవిడ దిగి, వంగి చూసి, "అవున్రోయ్!" అంది. వెంటనే రెండు తీగలూ లాగి మార్చి గుచ్చింది.

అంతే. కూతురు కారులోకి వచ్చి కూర్చున్నట్టయింది. ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. ఆమె సొంత గొంతు, కొంచెం జీరతో, తలుపుల్లోంచి నిండుగా వచ్చింది. అత్తగారు గుండె మీద చెయ్యేసుకుంది.

"రేపు అక్కడక్కడా జల్లులు పడవచ్చు," అని చదువుతోంది కూతురు. "బయటికి వెళ్ళేవారు గాలులు వెంట తీసుకెళ్ళండి. బలమైన గొడుగులు వీస్తాయి."

 అంతలో మైకు ముందు ఆమె పకపకా నవ్వేసింది. ఆపుకోవాలని చూసి, "క్షమించండి, గొడుగులు..." అని మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు రెండు తలుపుల్లోంచీ పొర్లి వచ్చింది. కారు దగ్గర ముగ్గురూ కడుపులు పట్టుకున్నారు. కలెక్టర్ గారు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారారు. ఇక లాభం లేదనుకుందేమో, కూతురు ఒక హుషారైన పాట వేసేసింది. డప్పు మోతకు తలుపులు అదిరాయి. అత్తగారు అల్లుడి రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది. అతని కళ్ళజోడు ముక్కు కొస దాకా జారినా సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ప్రోగ్రాం అయిపోయాక అట్టలు బిగించే ఓపిక ఎవరికీ లేకపోయింది. వాటిని వెనక సీట్లో పడేసి, తలుపులు అలాగే ఇనుప ఎముకలు బయటపెట్టుకుని ఉండగా, అత్తా అల్లుడూ స్టేషన్‌కు బయల్దేరారు. కూతురు గేటు దగ్గర ఏడుపు మొహంతో నిలబడి ఉంది.

"విన్నారా? గొడుగులు వీస్తాయన్నాను! నా పరువంతా పోయింది."

"ఎవరైనా ఏమన్నా అన్నారా?" అడిగాడు భర్త.

"అనడమేంటి, జనం ఫోన్లు చేస్తున్నారు. ఆ నవ్విన అమ్మాయి మళ్ళీ ఎప్పుడొస్తుందని. రేపు కూడా నన్నే కూర్చోమన్నారు." ఆ మాట తన నోటితో చెప్పాకే ఆమెకు అర్థమైనట్టుంది. కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మా! రేపు కూడా నన్నే!"

ఆమె వెనక సీట్లో అట్టల మధ్య ఇరుక్కుని, ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కారు కదిలింది. అత్తగారు పాట పెంచింది, అల్లుడు తగ్గించాడు, ఆవిడ మళ్ళీ పెంచింది. "ఒరేయ్, ముందు రోడ్డు చూడు" అంది. "మీరు ముందు ఆ తీగ మీంచి మోచెయ్యి తియ్యండి అత్తయ్యా" అన్నాడతను. కూతురు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తను మోయడానికి మాటలేమీ మిగల్లేదు. నోరు తెరిచి ఏదో అడగబోయింది, కానీ ఆ మోతలో ఎవరికీ వినబడలేదు.

ఇంటి మలుపు వచ్చింది. అల్లుడు వేగం తగ్గించాడు.

"పాట అయిపోలేదుగా," అంది అత్తగారు. "పోనియ్యి."

అతను మలుపు దాటించి, నేరుగా పోనిచ్చాడు.