కనుమ దారి మూసిన రోజు

ఆకాశం తేటగా ఉంది. మబ్బుతునక కూడా లేదు. అదే ఆమె గుండెల్లో రాయి వేసింది.

వాతావరణ కార్యాలయంలో అందరూ ఆమెను మబ్బులమ్మ అంటారు. ఈ రోజు కనుమ దారి మీద విపరీతంగా మంచు పడుతుందని, పొద్దున్నే రెండు వైపులా గేట్లు దించెయ్యాలని నిన్న రాసి సంతకం పెట్టింది తనే. ఇప్పుడు పదిన్నర. గేట్ల దగ్గర లారీలు బారులు తీరాయి.

రోడ్డు సూపర్‌వైజరు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "మేడమ్, బయట ఎండ కాస్తోంది. డ్రైవర్లు నన్ను నమిలేస్తున్నారు."

ఆమె తెర మీద పటం చూపించింది. "ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల సముద్రం రెండు నెలలుగా వేడెక్కి ఉంది. అలాంటి ఏడాది, బాగా ఎత్తున వీచే పడమటి గాలి దారి మార్చుకుని దక్షిణానికి జారుతుంది. ఇప్పుడది మన నెత్తి మీదికొచ్చింది, తేమని మోసుకొస్తోంది. ఉత్తరం నుంచి చలిగాలి ముందే దిగి కూర్చుంది. రెండూ కలిస్తే మంచే."

"సముద్రానికి జ్వరమొస్తే మన కొండకి పథ్యమా?" అని గొణిగాడాయన. "పోయినేడూ ఇలాగే మూయించారు. ఏం పడింది?"

ఆ మాట సూదిలా దిగింది. పోయినేడు ఆ గాలి కాస్త పక్కకి జరిగింది. మంచంతా పొరుగు లోయలో పడింది.

అంతలో ఫోను మోగింది. కనుమకి అవతలి వైపు నుంచి బావ.

"మీ అక్కకి నొప్పులు మొదలయ్యాయి. రెండు వారాలు ముందే. ఇక్కడ నర్సమ్మ తప్ప డాక్టరు లేదు. గేటు దగ్గర కారు ఆపేశారు. నువ్వొక్క మాట చెప్తే ఎత్తుతారట."

ముప్పై ఎనిమిదేళ్లకి అక్కకిది తొలి కాన్పు. ఇటువైపు ఆసుపత్రికి దారి గంటన్నర. సూపర్‌వైజరు విన్నాడు. "ఒక్క కారేగా మేడమ్. పంపించేద్దాం" అన్నాడు మెల్లగా.

ఆమె కిటికీ వంక చూసింది, పటం వంక చూసింది. పటం మంచు పడుతుందనే అంటోంది. ఏ గంటకో చెప్పడం లేదు. పైన శిఖరం దగ్గర ఇరుక్కుంటే బండి తిప్పే చోటుండదు, ఫోను పలకదు.

"వద్దు బావా. వెనక్కి తీసుకెళ్లు."

"గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. పడుతుందా?"

"పడుతుంది. ఎప్పుడో చెప్పలేను."

బావ ఫోను పెట్టేశాడు.

ఆమె ఊళ్లో పెద్ద డాక్టరమ్మను బతిమాలి, నర్సమ్మతో ఫోన్లో కలిపింది. ఇక చేసేదేమీ లేక కిటికీ దగ్గర నిలబడింది. పన్నెండయింది. ఒంటిగంట. రెండు. ఎండ అలాగే ఉంది. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తియ్యలేదు. అవతల అక్క నొప్పులు పడుతుంటే, ఇక్కడ తను మంచు పడితే బాగుండునని కోరుకుంటోంది. తన మాట నెగ్గాలనే ఆ కోరిక చూసి ఆమెకే సిగ్గేసింది.

మూడున్నరకి పడమర బూడిద రంగుకి తిరిగింది. నాలుగింటికి కొండ మీద మొదలైంది. చీకటి పడకముందే గేటు సగం దాకా పూడిపోయింది. సూపర్‌వైజరు గడియారం చూసుకుని వేళ్ల మీద గంటలు లెక్కపెట్టాడు. ఆ లెక్క ఆమె అప్పటికే వేసుకుంది. పదిన్నరకి గేటు ఎత్తి ఉంటే, పన్నెండుకల్లా అక్క ఇక్కడుండేది.

ఆరింటికి నర్సమ్మ ఫోన్ చేసింది. ఆడపిల్ల. రక్తం చాలా పోయింది, కష్టం మీద ఆగింది. ఇద్దరూ గండం నుంచి గట్టెక్కారు. తర్వాత అక్క నీరసంగా పలికింది.

"మూడు దాటేదాకా దారి బాగానే ఉందటగా?"

"అవునక్కా. మీరు వచ్చేసి ఉండేవాళ్లు."

"మరి?"

"పొద్దున నాకు తెలీదు."

అవతల పసిపిల్ల ఏడ్చింది. అక్క దాన్ని జోకొట్టింది.

"దారి ఎప్పుడు తెరుస్తారు? దీన్ని చూడ్డానికి రావా?"

"ఐదు రోజులు పట్టొచ్చు."

"ఈసారన్నా సరిగ్గా చెప్పు" అంది అక్క. ఆ గొంతులో ఉన్నది నవ్వో కోపమో ఆమెకు అంతు పట్టలేదు.