ఇంజనుకు కాటుక

ఆదివారం పొద్దున బండికి ఆదినారాయణ పెనుకొండ వచ్చాడు. హిందూపురంలో వేరుశనగ మిల్లులో ఫిట్టరు పని అతనిది. వారానికొకసారి ఇంటికి వస్తాడు. వచ్చీ రాగానే సీకాయపొడితో మోచేతుల దాకా రుద్దుకుంటే గాని బిడ్డను ఎత్తుకోడు. ఆ రోజు బిడ్డను ఒళ్లో పెట్టుకుని, బరిణెలోంచి కాస్త కాటుక తీసి బొటనవేలి గోటిమీద రుద్ది రుద్ది చూస్తున్నాడు.

"ఏమప్పా, నీక్కూడా పెట్టాల్నా?" అంది తల్లి కుళ్ళాయమ్మ.

భార్య ఈశ్వరి నవ్వింది. అతను నవ్వలేదు. ఇట్లాంటిదే ఒక బరిణెడు కావాలన్నాడు.

మిల్లు ఇంజనుకు పెద్ద బేరింగు అరిగిపోతే, తెల్లలోహం కరిగించి కొత్తగా పోశారు. పోసింది పోసినట్టు బిగిస్తే షాఫ్టు సరిగా తిరగదు. తిరిగినా బేరింగు వేడెక్కి కరిగిపోతుంది. షాఫ్టుకు పలచగా రంగు పూసి బేరింగులో తిప్పితే, ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడ రంగు అంటుతుంది. అంటినచోట మాత్రమే గీకాలి. మళ్లీ పూయాలి, మళ్లీ గీకాలి. ఆ పనికి వాడే నీలిరంగు దొరల సీమ నుంచి డబ్బాల్లో వచ్చేది. యుద్ధం మొదలయ్యాక రావడం లేదు. పొగగొట్టం మసి పూసి చూస్తే ఇసుకలా గరగరలాడింది.

"కొత్త చెప్పు యాడ కరుస్తాండాదో కాలికి తెలుస్తాది గదమ్మా. ఇనుముకు ఎట్ల తెలిసేది? రంగే చెప్పాల" అన్నాడు.

ఈశ్వరికి బేరింగు సంగతి సగమే అర్థమైంది. తక్కిన సగం ముందే తెలుసు. మిల్లు ఆవరణలో ఇంజను మేస్త్రీకని ఒక ఇల్లుంది. మేస్త్రీ సంజీవప్పకు చూపు మందగించింది. ధర్మవరంలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. ఈ బేరింగు నిలిస్తే ఆ పనీ, ఆ ఇల్లూ ఆదినారాయణకేనని షావుకారు మాట ఇచ్చాడు. నిలవకపోతే బెంగళూరు నుంచి వేరే మనిషి వస్తాడు. పెళ్లయినప్పటి నుంచి ఈశ్వరి మొగుణ్ణి ఆదివారాల్లోనే చూస్తోంది.

బిడ్డకని పట్టిన కాటుక గడప దాటకూడదని కుళ్ళాయమ్మ కచ్చితంగా చెప్పేసింది. ఈశ్వరి ఎదురు చెప్పలేదు. ఆమె కుళ్ళాయమ్మకు తమ్ముడి కూతురే; అత్తను ఎటునుంచి కదిలించాలో చిన్నప్పటి నుంచీ ఎరుగును. బిడ్డది బిడ్డకే ఉంచి, ఇంజను పేరు చెప్పి ఇంకో దీపం పెడదాం, నేను పడతానంది.

కాటుక పట్టడంలో ఆ వీధిలో కుళ్ళాయమ్మ తర్వాతే ఎవరైనా. బాలింతలున్న ఇళ్లవాళ్లు ఆమెనే వచ్చి అడుగుతారు.

"నువ్వు పడితే మాడుస్తావు. నేనే పడతా" అంది.

మధ్యాహ్నమంతా ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టింది. కల్వంలో ఆముదం పోసి నూరి, సాయంత్రం బండికి బయల్దేరిన కొడుకు చేతిలో బరిణె పెట్టింది.

మర్నాడు పొద్దున కల్వం కడుగుతుంటే ఈశ్వరి వేలికి ఏదో గరుకుగా తగిలింది. అంచున తెల్లటి పొడి అంటుకుని ఉంది. ఇదేమిటని అడిగింది.

"పొంగించిన పటిక" అంది కుళ్ళాయమ్మ. "వాడు వేడెక్కుతాది, వేడెక్కుతాది అంటాండె గదా. చలవకని పటికా, పచ్చకర్పూరమూ ఇంత ఏసినా. కంటికి చేసే చలవ ఇనుముకు చెయ్యదా?"

పటిక పలుకు ఉన్నచోటల్లా మచ్చ పడుతుందనీ, మచ్చ పడినచోటల్లా అతను గీకుతాడనీ, గీకిన లోహాన్ని మళ్లీ అతికించలేరనీ ఈశ్వరి నెమ్మదిగా చెప్పింది. కుళ్ళాయమ్మ ముఖం చిన్నబోయింది. లేచి ఆముదం సీసాకు బిరడా బిగించింది. పళ్లెం, ప్రమిద, కల్వం మూటగట్టింది.

"బిడ్డను సంకనేసుకో. బండి వచ్చే ఏళయింది. ఆడనే పట్టి ఇయ్యి."

మిల్లులో ఆదినారాయణ బేరింగు ముందు కూర్చుని ఉన్నాడు. గీకే ఉలి చేతిలోనే ఉంది. వాకిట్లో భార్యను చూసి బిడ్డకేమయిందోనని లేచి నిలబడ్డాడు. ఆమె బిడ్డ సంగతి కాదు, పటిక సంగతి చెప్పింది.

"అదా! ఆవాలు చల్లినట్ల చుక్కలు పడతాండాయి. గీకల్నా వద్దా అని పొద్దున్నించీ చూస్తాండా" అన్నాడు. పక్కనే ఉన్న సంజీవప్ప వేళ్లతో బేరింగంతా తడిమి, ఇంకా ఏమీ చెడలేదన్నాడు. కిరసనాయిలు గుడ్డతో అంతా తుడిపించాడు.

"మా ఇంట్లో గాలి తగలని మూల ఉండాది, అమ్మణ్ణీ. దీపం ఆడ పెట్టు."

ఆ ఇంట్లో ఈశ్వరి అడుగు పెట్టడం అదే మొదలు. రెండు అంకణాలు, ఎత్తైన పొయ్యిగట్టు, ఇంజను వైపు తెరుచుకునే కిటికీ. దీపం దగ్గర కూర్చుని పళ్లెం కేసి చూడవలసిన మనిషి కిటికీ కేసి చూసింది. మసి, ఆముదం తప్ప మరేమీ కలపకుండా నూరి ఇచ్చింది. సంజీవప్ప వేళ్ల మధ్య రుద్ది, "వెన్నే" అన్నాడు.

ఈశ్వరి బిడ్డతో ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ సాయంత్రమూ, మర్నాడు పొద్దున్నా ఆదినారాయణ పూసి, తిప్పి, గీకుతూనే ఉన్నాడు. పొద్దెక్కాక బిగించి ఇంజను నడిపారు. సంజీవప్ప చెయ్యి బేరింగు మీద పెట్టాడు. మధ్యాహ్నానికీ ఆ చెయ్యి అక్కడే ఉంది. అప్పుడు షావుకారు వచ్చి తన చెయ్యి పెట్టి చూశాడు. వెళ్లిపోతూ, మేస్త్రీ ఇంటికి సున్నం కొట్టించమని గుమాస్తాకు చెప్పాడు.

బుధవారం ఈశ్వరి పెనుకొండ చేరేసరికి కుళ్ళాయమ్మ వాకిట్లోనే ఉంది. సున్నం మాట వినగానే కొంగుతో ముఖం తుడుచుకుంది. బిడ్డను అందుకుని సంకనేసుకుంది.

"పక్కనే ఇంజను అంత మోత మోగుతాంటే వీడు ఎట్ల నిద్రపోతాడే?"

"నిన్న బాగా నిద్రపోయినాడత్తా" అంది ఈశ్వరి. "ఇంజను నిలిపినాక లేసి ఏడ్సినాడు."