పైపొర బలమెంత

నా కొలత తప్పని ఒక వాల్వు వల్ల తెలిసింది. దాన్ని తిప్పినవాడు మా అన్నయ్య.

తొమ్మిది వందల మీటర్ల లోతున షేల్ రాతిని నీటి ఒత్తిడితో పగలగొట్టి గ్యాస్ తీసే చోట మా ఇద్దరి ఉద్యోగం. అన్నయ్య పంపుల మేస్త్రీ, నేను రాతి ఒత్తిడి కొలిచే ఇంజినీరుని. షేల్ మీద ఒక గట్టి పొర, దాని మీద ఊరి బోర్లకు నీరిచ్చే ఇసుకరాయి ఉన్నాయి. ఆ గట్టి పైపొర ఒత్తిడి షేల్ కంటే ఎక్కువుంటే పగులు అక్కడ ఆగుతుంది. తక్కువుంటే ఊరి నీళ్లలోకి ఎక్కుతుంది.

కొలవడం తేలికే, ఓపికుంటే. పైపొరలోకి కాసిని నీళ్లు పంపి, చిన్న పగులు తెరిచి, వాల్వు బిగించి కూర్చోవాలి. నీళ్లు ఇంకేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. పగులు మూసుకునే చోట తెర మీద గీత వంగుతుంది. మొదటి పరీక్షలో నూట తొంభై రెండు బార్ల ఒత్తిడి దగ్గర వంగింది. షేల్‌ది నూట అరవై ఐదు. షేల్ పగలగొట్టొచ్చని నిశ్చింతగా సంతకం పెట్టేశాను.

వారం తర్వాత ఒక ఉదయం అన్నయ్య వేరే పైపు కడుగుతూ, పంపు ఆపగానే వాల్వు కొంచెం తిప్పాడు. ఒత్తిడి బుస్సుమంది.

"ప్రతిసారీ ఇలాగే వదులుతావా?"

"వదలకపోతే తర్వాత విప్పేవాడి తల ఎగిరిపోదూ? ఇరవై ఏళ్ల అలవాటు, డాక్టరమ్మా." రాళ్లకు నాడి చూస్తానని నాకా పేరు పెట్టాడు.

"నా పరీక్షలో కూడానా?"

"కాస్తే. అర నిమిషం."

అతను వాల్వు మళ్లీ మూసిన చోట గీత వంగితే, పగులు మూసుకుందనుకున్నాను. నేను కొలిచింది రాతిని కాదు, మా అన్నయ్య చేతిని. తప్పు అతనిది కాదు. వాల్వు దగ్గర ఎవరున్నారో చూడకుండా కొలతల వ్యానులో చల్లగా కూర్చున్న నాది.

కొలత తప్పని చెప్పగానే మేనేజరు మండిపడ్డాడు. "ఎల్లుండి పంపింగ్! పదహారు లారీలు వచ్చి నిలబడ్డాయి. సంతకం పెట్టింది మీరే కదా?"

"నేనే. వెనక్కి తీసుకుంటున్నాను. రేపు మళ్లీ కొలుస్తాను."

"ఎవరి వల్ల జరిగిందో వాళ్లు ఇంటికెళ్తారు, చెప్తున్నా."

"నా వల్లే."

విషయం తెలిసి అన్నయ్య నా మీద ఎగిరాడు. "నన్ను దాచడానికి నేనేమన్నా పాలుతాగే పిల్లాడినా?"

"ఆ సంగతి తర్వాత. రేపు నువ్వు వాల్వు ముట్టుకోకుండా ఉంటే చాలు."

మర్నాడు పొద్దున్నే నీళ్లు పంపించి, వాల్వు బిగించి, దాని చక్రం ఊడదీసి ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. పక్కనే అన్నయ్య, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని. గంటకోసారి లేవబోయేవాడు, నేను చూసేదాన్ని, మళ్లీ కూర్చునేవాడు. మేనేజరు మూడుసార్లు వచ్చి గడియారం చూపించాడు. మూడుసార్లూ ఇంకా కాలేదన్నాను. నడుము పట్టేసినా లేవలేదు.

గీత కిందికి దిగుతూ నూట తొంభై రెండు దాటింది, వంగలేదు. నూట ఎనభై దాటింది. షేల్ అంకె నూట అరవై ఐదు కూడా దాటింది. మధ్యాహ్నం మూడింటికి, నూట యాభై ఎనిమిది దగ్గర వంగింది.

షేల్ కంటే తక్కువ. అనుకున్న రోజున పంపులు నడిచి ఉంటే పగులు తిన్నగా ఊరి నీళ్లలోకి పోయేది. భయంతో పాటు నా మీద నాకే చెప్పలేనంత కోపం వచ్చింది.

అంకె చూశాక మేనేజరు ఇక వాదించలేదు. ఈ గ్యాస్ బావి వద్దన్నాడు. నివేదిక కాగితం నా ముందుకు తోశాడు. మొదటి కొలత ఎందుకు తప్పిందో రాయాలి. 'వాల్వు దగ్గర ఏం జరుగుతోందో నేను చూసుకోలేదు' అని రాసి సంతకం పెట్టాను.

పక్కనే నిలబడ్డ అన్నయ్య నా చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు. వద్దన్నాను. వినలేదు. కింద వంకర అక్షరాలతో రాశాడు: 'ఒత్తిడి వదిలింది నేను. ఆమెకు తెలియదు.' సంతకం చేసి, పైపులు విప్పించడానికి లారీల వైపు నడిచాడు.